బొగ్గుతో ఇనుము తయారీ – శక్తి పొదుపే ఉక్కు పరిశ్రమకు రక్ష

(ప్రత్యేక వ్యాసం)

కోటబొమ్మాళి: శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మీదుగా సాగే హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం ఉత్తరాంధ్ర పరిశ్రమలకు జీవనాడి వంటిది. ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు ఈ మార్గం గుండానే విశాఖపట్నం ప్రాంతానికి చేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుండి బయలుదేరి విజయనగరం జిల్లా కొత్తవలస వద్ద మైదానానికి దిగుతుంది. అదే జిల్లాలోని గర్భాం మాంగనీసు గనిని, సరిపల్లి ఇసుక గనిని విశాఖ ఉక్కు కర్మాగారం అవసరాల కోసం కేటాయించడం జరిగింది. అయితే ఇనుమును కరిగించే కొలిమికి ప్రాణాధారమైన కోకింగ్ బొగ్గు మాత్రం ప్రధానంగా విదేశాల నుండి ఓడలలో విశాఖ, గంగవరం రేవులకు రావలసి ఉన్నది. దేశానికి కావలసిన కోకింగ్ బొగ్గులో సుమారు 85 శాతం దిగుమతి అవుతున్న విషయం విదితమే. ద్రవ ఇనుము ఉత్పత్తి వ్యయంలో అతి పెద్ద పద్దు ఈ బొగ్గుదే. కాబట్టి బొగ్గులోని శక్తిని ఎంత పొదుపుగా వాడుకుంటున్నామన్న ప్రశ్న పర్యావరణ వేత్తలకు మాత్రమే పరిమితమైనది కాదు. అది కర్మాగారం మనుగడకు, దానిపై ఆధారపడిన కుటుంబాల జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న.

విశాఖ ఉక్కు కర్మాగారం విషయంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాముఖ్యం ఉన్నది. 1966 నాటి ఉద్యమంలో 32 మంది ప్రాణత్యాగం చేయగా, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న నాటి ప్రధాని శ్రీ పి.వి.నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైన సంస్థ ఇది. సముద్ర తీరాన నెలకొల్పిన ఈ కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజ గనులు లేవు. ఖనిజం ధర, విదేశీ బొగ్గు ధర రెండూ సంస్థ అదుపులో లేనివే. సంస్థ అదుపులో ఉన్నది ఒక్కటే. కొన్న ప్రతి టన్ను బొగ్గు నుండి ఎంత పని రాబట్టగలమన్నదే అది.

కోక్ చేసే మూడు పనులు

ఇనుప ఖనిజమంటే ఇనుము, ప్రాణవాయువు గట్టిగా పెనవేసుకుని ఉన్న పదార్థం. ఆ ప్రాణవాయువును విడదీయడమే ఇనుము తయారీ. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఈ పనికి కోక్ కావాలి. బొగ్గును గాలి సోకని అరలలో వేయి డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, అందులోని వాయువులను వెలికి తీయగా మిగిలే గట్టి గడ్డలే కోక్.

కొలిమిలో కోక్ మూడు పనులు చేస్తుంది. మొదటిది, అడుగు నుండి ఊదే వేడి గాలిలో మండి వేడిని పుట్టించడం. రెండవది, అలా మండగా వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు ద్వారా ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేయడం. మూడవది, పైనుండి పడే వేల టన్నుల సరుకు బరువును మోస్తూ వాయువులు పైకి, ద్రవ ఇనుము కిందికి పోవడానికి సందులు ఉంచడం. మొదటి రెండు పనులకు మామూలు బొగ్గును కొంతమేరకు వాడవచ్చు. మూడవ పనికి మాత్రం కోక్ తప్పనిసరి. అందువల్లనే బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌ను తగ్గించవచ్చు గాని పూర్తిగా తొలగించడం సాధ్యపడదు.

ఈ ప్రక్రియకు ప్రకృతి విధించిన కనీస మూల్యం ఒకటున్నది. 2000లో అమెరికా ఇంధన శాఖ కోసం జరిగిన అధ్యయనం ప్రకారం, టన్ను ద్రవ ఇనుముకు సిద్ధాంతరీత్యా కనీసం 9.8 గిగా జౌళ్లు, అనగా సుమారు 23 లక్షల కిలో కేలరీల శక్తి అవసరం. ఆచరణలో 13 నుండి 14 గిగా జౌళ్ల వరకు ఖర్చవుతున్నది. ఈ రెంటి మధ్య గల వ్యత్యాసమే ఇంజనీర్ల కార్యక్షేత్రం. కనీస మూల్యం కన్నా తక్కువకు ఇనుము తయారు చేస్తామనే మాట ఎవరు చెప్పినా నమ్మదగినది కాదు. వ్యత్యాసాన్ని తగ్గిస్తామనే మాట మాత్రం నమ్మదగినదే.

వేడి గాలి నేర్పిన పాఠం

పొదుపుకు అవకాశం ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి చరిత్రలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. స్కాట్లాండుకు చెందిన జేమ్స్ బ్యూమాంట్ నీల్సన్ 1828లో కొలిమిలోకి ఊదే గాలిని ముందుగా వేడి చేసే పద్ధతికి పేటెంటు పొందారు. చల్లని గాలి ఊదితేనే ఇనుము బాగా వస్తుందని ఆనాటి కొలిమి యజమానుల నమ్మకం. గ్లాస్గో సమీపంలోని క్లైడ్ ఇనుప కర్మాగారంలో 1829లో టన్ను ఇనుముకు ఎనిమిది టన్నులకు పైగా బొగ్గు ఖర్చయ్యేది. వేడి గాలి ప్రవేశపెట్టిన తరువాత 1830లో అది ఐదు టన్నుల చిల్లరకు, 1833 నాటికి రెండుంపావు టన్నులకు దిగివచ్చింది.

కొలిమిని మార్చకుండా, ఖనిజాన్ని మార్చకుండా సాధించిన ఫలితమిది. నేడు ఆధునిక కొలిములలో 1,100 నుండి 1,200 డిగ్రీల వేడి గల గాలిని ఊదుతున్నారు. ఆ గాలిని వేడి చేసే స్టౌలు కొలిమి నుండి వెలువడే వాయువుతోనే మండుతాయి. కొలిమి నుండి బయటకు పోయే శక్తిని పట్టి తిరిగి పనిలో పెట్టడమే నాటి నుండి నేటి వరకు శక్తి పొదుపుకు మూలసూత్రంగా నిలిచింది.

విశాఖలో అమలైన పద్ధతులు

విశాఖ ఉక్కు కర్మాగారం రూపకల్పన దశలోనే ఈ సూత్రానికి చోటు దక్కింది. 3,200 ఘనపు మీటర్ల పరిమాణం గల గోదావరి, కృష్ణ అనే తొలి రెండు కొలిములు వరుసగా 1990, 1992లలో ఉత్పత్తి ప్రారంభించాయి. 3,800 ఘనపు మీటర్ల అన్నపూర్ణ కొలిమి 2012లో వెలిగింది. ఇక్కడ శక్తిని రాబట్టే ఏర్పాట్లను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది కోక్‌ను పొడిగా చల్లార్చే పద్ధతి. అర నుండి బయటకు తోసిన కోక్ వేయి డిగ్రీల వేడితో ఎర్రగా ఉంటుంది. పాత పద్ధతిలో దానిపై నీరు కుమ్మరించేవారు. తెల్లని ఆవిరి మేఘం రూపంలో వేడి అంతా ఆకాశం పాలయ్యేది. టన్ను కోక్‌లో అలా ఉండే వేడి సుమారు మూడున్నర లక్షల కిలో కేలరీలు. విశాఖలో నీటికి బదులు నత్రజని వాయువును కోక్ గుండా పంపి, వేడెక్కిన ఆ వాయువుతో బాయిలర్లలో ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరితో 7.5 మెగావాట్ల సామర్థ్యం గల రెండు టర్బైన్లు నడిచే ఏర్పాటు జరిగింది. దీనివల్ల నీటి వాడకం తగ్గడంతో పాటు తేమ లేని గట్టి కోక్ లభించి, కొలిమిలో కోక్ వినియోగం కూడా తగ్గుతుంది.

రెండవది కొలిమి శిరోభాగపు పీడనాన్ని వినియోగించడం. ఆధునిక కొలిమి నుండి వాయువు అధిక పీడనంతో బయటకు వస్తుంది. ఆ పీడనాన్ని కవాటాల ద్వారా వృథాగా తగ్గించడానికి బదులు టర్బైను గుండా పంపితే, ఇంధనం ఏమీ మండించకుండానే విద్యుత్తు లభిస్తుంది. విశాఖలోని తొలి రెండు కొలిములకు 12 మెగావాట్ల చొప్పున ఇటువంటి టర్బైన్లు అమర్చారు.

మూడవది కొలిమి వాయువు. టన్ను ద్రవ ఇనుముకు సుమారు 1,500 ఘనపు మీటర్లకు పైగా ఈ వాయువు వెలువడుతుంది. ఘనపు మీటరుకు ఉండే శక్తి 700 నుండి 900 కిలో కేలరీలే కనుక ఇది పలుచని ఇంధనం. అయినా లెక్క వేసి చూస్తే, కోక్‌తో లోపలికి వెళ్లిన శక్తిలో ఇంచుమించు మూడో వంతు ఈ వాయువు రూపంలో బయటకు వస్తున్నట్లు తేలుతుంది. దీనిని స్టౌలలో, కోక్ ఓవెన్లలో, విద్యుత్ బాయిలర్లలో మండించుకోవాలి. మండించుకోలేని నాడు గాలిలో కాల్చివేయక తప్పదు. ఈ వాయువును, కోక్ ఓవెన్ల వాయువును ఇంధనంగా వాడే 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నిర్మాణానికి ఇదే కారణం.

నాలుగవది సింటర్ కూలర్ వేడి. ఖనిజపు పొడిని సున్నపురాయి, కోక్ పొడితో కలిపి కాల్చి గడ్డలుగా మార్చగా వచ్చేది సింటర్. దానిని చల్లార్చిన గాలిలోని వేడి నుండి విద్యుత్తు ఉత్పత్తి చేసే 20.6 మెగావాట్ల కేంద్రాన్ని జపాన్‌కు చెందిన నెడో సంస్థ సహకారంతో విశాఖలో నెలకొల్పడం జరిగింది.

ఐదవది బొగ్గు పొడిని నేరుగా కొలిమిలోకి ఊదే పద్ధతి. మెత్తగా నూరిన మామూలు బొగ్గును వేడి గాలితో పాటు కొలిమి అడుగు భాగంలోకి పంపుతారు. నూరు కిలోల బొగ్గు పొడి దాదాపు 80 నుండి 90 కిలోల కోక్ స్థానాన్ని భర్తీ చేస్తుంది. ప్రపంచంలోని మేటి కొలిములు టన్ను ఇనుముకు సుమారు 300 కిలోల కోక్, 200 కిలోల బొగ్గు పొడితో నడుస్తున్నాయి. ఖరీదైన కోకింగ్ బొగ్గును ఆదా చేయడమే కాక, కోక్ తయారీలో ఖర్చయ్యే శక్తి కూడా ఈ పద్ధతిలో మిగులుతుంది. విశాఖ కొలిములకు కూడా ఈ ఏర్పాటు సమకూరింది.

నిలకడగా నడవడమే పెద్ద పొదుపు

పై ఏర్పాట్లన్నీ యంత్రాలకు సంబంధించినవి. వాటికన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది. కొలిమి గోడల గుండా, శీతలీకరణ నీటి ద్వారా పోయే వేడి గంటకు ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది. ఆ గంటలో ఉత్పత్తి సగానికి పడిపోతే, ప్రతి టన్నుపై ఆ నష్టపు భారం రెట్టింపవుతుంది. కొలిమిని ఆపి తిరిగి వెలిగించవలసి వస్తే అదనపు కోక్ వేయాలి. వాయువు సరఫరా ఒడిదుడుకులకు లోనైతే టర్బైన్లు నిలిచిపోతాయి. అప్పుడు సొంత విద్యుత్తు తగ్గి, బయటి విద్యుత్తు కొనవలసి వస్తుంది. బొగ్గు కొనడానికి నిధులు లేక ఉత్పత్తి తగ్గించిన కర్మాగారం, ఆ తగ్గుదల వల్లనే టన్నుకు మరింత బొగ్గు కాల్చవలసి రావడం ఇందులోని విషాదం.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం తెలిపిన తరువాత జరిగిన పరిణామాలు పాత్రికేయ మిత్రులకు తెలిసినవే. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సంస్థకు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఇందులో 10,300 కోట్లు వాటా ధనంగాను, 1,140 కోట్ల నిర్వహణ మూలధన రుణాన్ని ప్రాధాన్య వాటాలుగా మార్చడం ద్వారాను సమకూర్చేందుకు నిర్ణయమైంది. 2025 జనవరిలో రెండు కొలిములతో, ఆగస్టు నాటికి మూడు కొలిములతో పూర్తి స్థాయి ఉత్పత్తి సాధించడం లక్ష్యమని ఆ సందర్భంగా ప్రకటించారు. మూడు కొలిములూ నిలకడగా నడవడమన్నది ఉత్పత్తి లక్ష్యం మాత్రమే కాదు, అంతకు మించి శక్తి పొదుపు చర్య అని గుర్తించవలసి ఉన్నది.

ఒక చిన్న లెక్కతో దీని విలువను గ్రహించవచ్చు. ఖనిజం మొదలు ఉక్కు వరకు అన్ని దశలు గల భారతీయ కర్మాగారాలలో టన్ను ముడి ఉక్కుకు సగటున 6 నుండి 6.5 గిగా కేలరీల శక్తి ఖర్చవుతున్నదని, విదేశాలలోని మేటి కర్మాగారాలలో ఇది 4.5 నుండి 5 గిగా కేలరీలని కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ పేర్కొంటూ వచ్చింది. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం గల విశాఖ కర్మాగారం టన్నుకు ఒక్క గిగా కేలరీ ఆదా చేయగలిగితే, ఆ మిగులు సుమారు పది లక్షల టన్నుల మంచి బొగ్గులోని శక్తికి సమానమవుతుంది.

ముడిసరుకు నాణ్యత

పొదుపు కొలిమి దగ్గర మొదలు కాదు. గని దగ్గరే మొదలవుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. మన ఖనిజంలో ఇనుము సమృద్ధిగా ఉన్నప్పటికీ అల్యూమినా అధికం. బూడిద, అల్యూమినా రెండూ కొలిమిలో కరిగి చిట్టెంగా మారాలి. చిట్టెం కరగడానికి కూడా వేడి కావాలి కదా. కోక్‌లో బూడిద ఒక శాతం పెరిగితే కోక్ వినియోగం ఒకటి నుండి రెండు శాతం వరకు పెరుగుతుందని నిపుణుల అంచనా. అందుకే బొగ్గును కడిగి బూడిద తగ్గించడం, ఖనిజాన్ని జల్లెడ పట్టి పొడిని వేరు చేయడం, సింటర్ నాణ్యతను రోజూ ఒకే తీరున ఉంచడం వంటి సాధారణంగా కనిపించే పనులు ఖరీదైన యంత్రాలతో సమానమైన ఫలితం ఇస్తాయి. చిట్టెంను నీటి ధారతో రవ్వగా మార్చి సిమెంటు పరిశ్రమకు ఇవ్వడం వల్ల అక్కడ క్లింకర్ కాల్చే బొగ్గు ఆదా అవుతున్నది. అయితే 1,500 డిగ్రీల చిట్టెంలోని వేడిని విస్తృత స్థాయిలో రాబట్టే పద్ధతి ఇంకా ప్రపంచమంతటా ప్రయోగ దశను దాటలేదు.

పాల్వంచ అనుభవం

కోక్ లేకుండా మామూలు బొగ్గుతోనే ఇనుము తయారు చేసే మార్గానికి దేశంలో తొలి బాట వేసింది తెలుగు నేలయే. నాటి ఖమ్మం జిల్లా పాల్వంచలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల భాగస్వామ్యంతో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. 1980లో ఏడాదికి 30,000 టన్నుల సామర్థ్యంతో ఉత్పత్తి మొదలై, 1985లో 60,000 టన్నులకు పెరిగింది. సింగరేణి బొగ్గుతో ఇనుప ఖనిజాన్ని కరగనివ్వకుండానే ఇనుముగా మార్చవచ్చునని ఈ ప్రయోగం నిరూపించింది. 2010లో ఈ సంస్థ ఎన్.ఎం.డి.సి.లో విలీనమైంది.

ఈ పద్ధతిలో ఏటవాలుగా తిరిగే పొడవాటి గొట్టపు కొలిమిలో ఖనిజం, బొగ్గు కలిసి సుమారు వేయి డిగ్రీల వేడిలో మెల్లగా సాగుతాయి. ఖనిజం కరగదు. ప్రాణవాయువు తొలగిపోయి రంధ్రాలతో కూడిన ఇనుప గడ్డలు మిగులుతాయి. వాటినే స్పాంజ్ ఐరన్ అంటారు. 2000 దశకం తొలి సంవత్సరాల నుండి స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో భారతదేశం ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉన్నది. అందులో అధిక భాగం బొగ్గు ఆధారితమే. పెట్టుబడి తక్కువ, కోక్ అవసరం లేదు అన్నవి ఇందులోని సౌలభ్యాలు. శక్తి వృథా మాత్రం ఎక్కువ. గొట్టం చివరి నుండి పోయే పొగ వందలాది డిగ్రీల వేడితో ఉంటుంది. ఆ పొగను బాయిలర్‌కు మళ్లిస్తే, రోజుకు నూరు టన్నుల ఉత్పత్తి గల కొలిమి నుండి సుమారు రెండు మెగావాట్ల విద్యుత్తు లభిస్తుందని పరిశ్రమలో స్థిరపడిన అంచనా. బాయిలర్ లేని చిన్న కర్మాగారం ఆ మేరకు ప్రతిరోజూ తన సొమ్మును తానే పొగగొట్టం ద్వారా వదులుకుంటున్నదన్న మాట.

చట్టం, విపణి

శక్తి పొదుపు ఐచ్ఛికంగా ఉన్న రోజులు గతించాయి. శక్తి పరిరక్షణ చట్టం 2001లో ఆమోదం పొంది 2002 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. దాని క్రింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2012లో ‘పాట్’ పథకం ప్రారంభించింది. 2012–15 తొలి విడతలో ఎంపికైన ఎనిమిది రంగాలలో ఇనుము–ఉక్కు ఒకటి. ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన శక్తి వాడే 67 ఉక్కు కర్మాగారాలకు ఆ విడతలో లక్ష్యాలు నిర్దేశించారు. లక్ష్యం కన్నా ఎక్కువ ఆదా చేసిన వారికి ధ్రువపత్రాలు లభిస్తాయి. లక్ష్యం చేరనివారు వాటిని కొనుగోలు చేయాలి. 2022లో చట్టాన్ని సవరించగా, 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించారు.

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ ‘హరిత ఉక్కు’కు నిర్వచనం ప్రకటించింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కన్నా తక్కువ కర్బన ఉద్గారాలు గల ఉక్కుకే ఆ పేరు వర్తిస్తుంది. 1.6 టన్నుల లోపు ఉన్న దానికి ఐదు నక్షత్రాల గుర్తింపు లభిస్తుంది. దేశ సగటు సుమారు రెండున్నర టన్నులు కాగా, ప్రపంచ సగటు సుమారు 1.9 టన్నులు. ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం 2023 అక్టోబరులో నివేదికల దశతో మొదలై, 2026 జనవరి 1 నుండి పూర్తి స్థాయిలో అమలులోకి వచ్చింది. రేవు పక్కనే ఉన్న విశాఖ వంటి కర్మాగారానికి ఎగుమతి సహజమైన అవకాశం. ఆ అవకాశం దక్కాలంటే టన్నుకు కాల్చిన బొగ్గు లెక్క పరిశుద్ధంగా ఉండాలి. అనకాపల్లి జిల్లా నక్కపల్లి ప్రాంతంలో ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్ స్టీల్ ప్రతిపాదించిన కర్మాగారానికి కూడా ఇదే కొలబద్ద వర్తిస్తుంది.

గణాంకాలను పరిశీలించే తీరు

ఈ రంగంపై వార్తలు రాసే పాత్రికేయులు, తనిఖీలు నిర్వహించే అధికారులు మూడు విషయాలు గమనించడం మంచిది. ఒకటి, ప్రకటించిన అంకె టన్ను ద్రవ ఇనుముకా, టన్ను ముడి ఉక్కుకా, తయారైన సరుకుకా అన్నది. ఈ మూడింటికీ అంకెలు వేరువేరుగా ఉంటాయి. రెండు, కోక్‌ను కర్మాగారంలోనే తయారు చేశారా, బయట కొన్నారా అన్నది. బయట కొన్నవారి లెక్కలో కోక్ ఓవెన్ల శక్తి కనిపించకుండా పోయే అవకాశం ఉన్నది. మూడు, టర్బైన్ల స్థాపిత సామర్థ్యం ఎంత, అవి వాస్తవంగా ఏడాదిలో ఉత్పత్తి చేసినది ఎంత అన్నది. 12 మెగావాట్ల టర్బైను ఉన్నదని రాయడం సులభం. అది ఎన్ని గంటలు తిరిగిందన్నదే అసలైన వార్త.

బొగ్గుతో ఇనుము చేసినంత కాలం కర్బనం వెలువడక తప్పదు. హైడ్రోజన్ వంటి ప్రత్యామ్నాయాలు విస్తృతంగా అందుబాటులోకి రావడానికి ఇంకా సమయం పడుతుంది. అంతవరకు ఉన్న కొలిములను నిలకడగా నడపడం, వాటి నుండి వెలువడే వేడిని, వాయువును, పీడనాన్ని వృథా కానీయకుండా వినియోగించుకోవడం మన చేతిలో ఉన్న పని. యాజమాన్యం సకాలంలో మరమ్మతులు చేయించడం, కార్మికులు కవాటం వద్ద, కొలిమి ముఖం వద్ద జాగరూకత పాటించడం, ప్రభుత్వాలు ముడిసరుకు సరఫరాకు భరోసా కల్పించడం అనే మూడూ కలిసినప్పుడే ఇది సాధ్యపడుతుంది. ఎన్నో త్యాగాలతో సాధించుకున్న ఉక్కు కర్మాగారం లాభాల బాటలో నిలవాలన్నా, ఉత్తరాంధ్ర యువతకు రానున్న కాలంలో ఉపాధి దక్కాలన్నా, కొన్న బొగ్గులోని ప్రతి కేలరీకి లెక్క చెప్పగలిగే క్రమశిక్షణ ఎంతైనా అవసరం.